తెల్లపువ్వుకి అద్దం, ఎర్రపువ్వుకి రేకు

పోయిన వారం మా రైల్వే ఊళ్ళో, ఇందా పేటలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. రోడ్డుకి అవతల ఒక పాత మేడకు కొత్త ముఖం తొడుగుతున్నారు. వెదురు పరంజా మీద ఇద్దరు మనుషులు పెద్ద నీలం అద్దాన్ని పైకి లాగుతున్నారు. దాని పక్క మేడకు అప్పటికే వెండిరంగు రేకులు బిగించి ఉన్నాయి. నా పక్కనున్న బెంగాలీ ఆవిడ ఊరికే మాట కలిపింది. "ఏది బాగుంటుంది దీదీ, కాచా, టిన్నా?" అంది, అద్దమా రేకా అని.

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. మా ఊళ్ళో ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఈ వైశాఖంలో పోయింది.

ఆమె పేరు రాయను. తన పేరు ఎక్కడైనా కనిపించడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. గోల్‌బజార్‌లో షాపు తెరిచినప్పుడు కూడా బోర్డు మీద సింహాచలం స్వామి పేరు రాయించి ఊరుకుంది. బెంగాలీలు కాచ్ మాసి, అంటే అద్దాల పిన్ని, అనేవారు. నాకు అక్క. రక్తసంబంధం ఏమీ లేదు. నిమ్‌పురాలో మా తెలుగువాళ్ళ అప్పన్న మందిరంలో ఒకే చాప మీద కూర్చుని, ఒకే గొంతుగా పాడుతూ వయసు మళ్ళినవాళ్ళం. నేను పారాయణ చదివేదాన్ని, ఆమె హారతి పళ్ళెం పట్టేది. భజన సాగుతున్నంతసేపూ గోళ్ళ చుట్టూ ఎండి అంటుకుపోయిన సిలికాన్ జిగురుని ఒలుచుకుంటూ ఉండేది. పాట తప్పేది కాదు, చెయ్యి ఆగేది కాదు. చివర్లో ఆ పొరలన్నీ కొంగులో మూటకట్టి బయట పారేసి వచ్చి, చేతులు కడుక్కుని పళ్ళెం అందుకునేది.

ఆమె భర్త రైల్వే వర్క్‌షాపులో రేకుల పని చేసేవాడు. ఆయన పోయాక, ఆయనతో పనిచేసిన మనుషుల్ని కూడగట్టుకుని ఆమె ఈ వ్యాపారం పెట్టింది. షోరూములు, హోటళ్ళు, నర్సింగ్ హోములు, కోచింగ్ సెంటర్లు, వేటికైనా బయటి గోడలకు తొడుగు వెయ్యడం. షాపులో ఒక గోడ నిండా రంగురంగుల రేకు ముక్కలు వేలాడేవి. ఇంకో గోడకు చెక్క గాళ్ళలో అద్దం ముక్కలు నిలబెట్టి ఉండేవి. మధ్యాహ్నం రెండిట్లోంచీ చెరో ముక్క తీసి బయట ఎండలో పెట్టేది. కాసేపాగి ఏది ఎంత వేడెక్కిందో తెలియడానికి వాటికి చెంప ఆన్చి చూసేది. వచ్చిన మనిషిని కూడా ఆన్చమనేది. పెద్దపెద్ద వ్యాపారులు నడిబజారులో వంగి రేకుకి చెంప ఆన్చడం నేను చూశాను.

ఏ మేడ దగ్గరికి వెళ్ళినా ముందు గోడ మీద వేలి కణుపుతో కొట్టి, తల వంచి వినేది. ఎక్కడ ఇటుక గట్టిగా ఉంది, ఎక్కడ లోపల డొల్లగా ఉంది అనేది ఆ చప్పుడులో తెలుస్తుందట. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుంటూ వంటింటి గోడను కూడా కొట్టింది. "ఇది బాగున్నాది, మీ ఆయన్ని సంతోషంగా ఉండమను" అంది.

ఆమె హిందీ మాట్లాడినా, బెంగాలీ మాట్లాడినా శ్రీకాకుళం యాసే వినిపించేది. అందుకే ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను. గోల్‌బజార్ బట్టల సేఠ్ ఒకాయన తన కొట్టు ముందంతా అద్దమే కావాలని పట్టుబట్టాడు.

"పెట్టించుకో సేఠ్‌జీ. నీ సరుకు రోడ్డున పోయేవోడికి కనిపిస్తాది. గిరాకీ లేని రోజు నువ్వు ఆవలిస్తన్నది కూడా కనిపిస్తాది."

"అయితే రేకు వేసెయ్యమంటావా మాసీ?"

"రేకు ఎనకాల పావురాలు కాపురం పెడతాయి. వానొస్తే డప్పు మోగినట్టు మోగుతాది. సవక రకం రేకైతే మధ్యలో ప్లాస్టిక్కు ఉంటాది, నిప్పంటుకుంటే పైదాకా పాకిపోద్ది. అద్దం పెడితే పడమటెండకి లోన ఉడికిపోతావు, ఆ ఫ్యాక్టరీల దుమ్ము రోజూ తుడుసుకోవాల. తొడుగుదేటుంది? లోన గోడ ఉన్నాదా లేదా, అది సూడు ముందు. మా అప్పన్నకి ఏడాదంతా చందనమే కనిపిస్తాది. దాని కింద స్వామి ఉన్నాడు కాబట్టే ఆ చందనానికి దండం పెడతన్నాం."

ఆ మాట విన్న రోజు నేను చాలాసేపు షాపులోంచి కదల్లేకపోయాను. నేను ఏళ్ళ తరబడి చదివినదాన్ని ఆమె జిగురు చేతులతో తీసి చూపించింది.

ఇక పువ్వుల పొట్లాల సంగతి.

వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో ఇద్దరు అన్నదమ్ములు ఒక మేడ విషయంలో అద్దం అని ఒకరు, రేకు అని ఒకరు ఆమె షాపులోనే కొట్టుకునేదాకా వచ్చారు. వాళ్ళని ఆపడానికి ఆమె మన ఊళ్ళల్లో చేసే పనే చేసింది. ఒక కాగితంలో తెల్లపువ్వు, ఒక కాగితంలో ఎర్రపువ్వు మడిచి, స్వామి పటం ముందు పెట్టి కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. తెల్లపువ్వు వస్తే అద్దం, ఎర్రపువ్వు వస్తే రేకు. పెద్దవాడు పొట్లం తీశాడు. ఎర్రపువ్వు వచ్చింది. ఇద్దరూ లెంపలు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ సంగతి బజారంతా పాకింది. తరవాత ఎటూ తేల్చుకోలేనివాళ్ళంతా, కాచ్ మాసి దగ్గర దేవుడే చెబుతాడు అంటూ వచ్చేవారు. మార్వాడీలు, బెంగాలీలు కూడా చెప్పులు విడిచి పొట్లం తీసేవారు. తరవాత ఎండ ఎక్కువైందనో దుమ్ము పడుతోందనో ఆమెను ఎవరూ నిలదీయలేదు. నిలదీయడానికి లేదు, ఎంచింది స్వామి కదా. దాంతో ఆమెకు వ్యాపారం సుఖంగా సాగింది. నేనూ సంతోషించాను. ఇంత వ్యాపారంలోనూ స్వామిని ముందు పెట్టుకుందని పారాయణలో ఆమెనే ఉదాహరణగా చెప్పేదాన్ని.

తరవాత ఇందాలో ఒక షోరూము పని వచ్చింది. పాత మేడ. అక్క పైఅంతస్తుకి వెళ్ళి గోడ కొట్టి వచ్చింది. ఆ రోజు సాయంత్రం మందిరం మెట్ల మీద నాతో అంది, "ఆ పైగోడ నాకు నచ్చలేదు సెల్లమ్మా. దాని మీద అద్దం బరువు పెట్టకూడదు."

"మరి చెప్పావా?"

"ఓనరు అద్దమే అంటన్నాడు. రేపు పొట్లాలు పెడతాను. స్వామి సూసుకుంటాడు."

తెల్లపువ్వు వచ్చింది. అద్దం పెట్టారు.

ఒక వేసవి గడిచింది. రెండో వేసవిలో కాల్‌బోయిశాఖి గాలివాన వచ్చింది. ఇక్కడ చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట ఆకాశం నల్లబడి, చూస్తుండగానే విరుచుకుపడుతుంది. ఆ గాలికి పైఅంతస్తులో ఒక చట్రం గోడలోంచి ఊడి, అద్దంతో సహా కిందపడింది. కింద తోపుడుబండి దగ్గర ఝాల్‌ముడి, అంటే కారం మరమరాలు, అమ్ముకునే బెంగాలీ దాదా ఉన్నాడు. మరమరాల డబ్బా మీదకు వంగి ఉన్నందువల్ల తలకు దెబ్బ తప్పింది. కుడి చెయ్యి నరాలు తెగిపోయాయి. ప్రాణం దక్కింది కానీ ఆ చేతివేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు.

ఆసుపత్రి వరండాలో అక్క పక్కన కూర్చున్నాను. మా మందిరం వాళ్ళంతా వచ్చి ఒకే మాట అన్నారు. దైవనిర్ణయం, నీ తప్పేముంది, నువ్వు స్వామిని అడిగే చేశావు కదా అని. ప్రేమతోనే అన్నారు. ఆమె అందరి మాటా విని తల ఊపింది. వాళ్ళు వెళ్ళాక నాతో అంది.

"గోడ నాకు సెప్పినాది. నాను ఇన్లేదు. నాకు తెలిసినదాన్ని స్వామి మీద పెట్టేసినాను."

అప్పటినుంచి షాపులో పొట్లాలు లేవు. ఎవరు అడిగినా, నాకు తెలిసింది నాను సెప్తాను, కాదంటే ఇంకోళ్ళ దగ్గరికెళ్ళండి అనేది. చాలామంది ఇంకోళ్ళ దగ్గరికే వెళ్ళారు. దాదా బండి దగ్గరికి రోజూ సాయంత్రం వెళ్ళేది. ఇప్పుడు డబ్బా ఊపేది ఆయన భార్య. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని ఎడంచేత్తో కాగితాలు చుట్టేవాడు. అక్క ఒక పొట్లం మరమరాలు కొనుక్కుని అక్కడే నిలబడి తినేది. ఉపవాసం రోజైతే ఊరికే నిలబడేది. ఒకసారి నేను ఒంటరిగా వెళ్ళినప్పుడు దాదా నాతో అన్నాడు.

"మాసి మీద నాకు కోపం లేదు దీదీ. కానీ ఆ షోరూము ఆయన కనపడితే అంతా భగవంతుడి రాత దాదా అంటాడు. అది వింటే ఒళ్ళు మండుతుంది. మాసి ఒక్కతే తప్పు చేసిన మనిషిలా రోజూ వచ్చి నిలబడుతుంది. దానివల్లే రాత్రి నిద్ర పడుతుంది నాకు."

ఇది జరిగిన కొన్నాళ్ళకి మా మందిరానికి రోడ్డువైపు ఉన్న జాగాలో కొట్ల సముదాయం కట్టారు. అద్దెల మీద నిత్యపూజలు జరగాలని ఉద్దేశం. పాత ప్రహరీనే ఎత్తుచేసి పడమటి గోడగా వాడుకున్నారు. బయటి తొడుగు దగ్గరికి వచ్చేసరికి సహజంగా అక్కనే పిలిచారు. మా భజన మండలి పెద్ద గార్డుగారు. గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరైన మనిషి. మాట గట్టిగా ఉంటుంది, చెయ్యి ధర్మంగా ఉంటుంది. ఒక ఏకాదశి పొద్దున సంకీర్తన అయ్యాక ఆయనే రెండు పొట్లాలు కట్టి స్వామి పాదాల దగ్గర పెట్టి, "రా అమ్మా. తియ్యి" అన్నాడు.

అక్క చాప మీంచి లేవలేదు. "వొద్దు బాబూ" అంది.

"వొద్దేటి? ఊరందరికీ పెట్టినావు కదా పొట్లాలు."

"ఇప్పుడు పెట్టట్లేదు."

"నీ కొట్లో సేఠ్‌లకి పనికొచ్చిన స్వామి, సొంత గుడికి పనికిరాడేటి?"

ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వారు. ఇంకెవరో, ఆ దాదాకి తగిలిన దెబ్బ ఈవిడ బుర్రకి తగిలినాది అన్నారు. అది ఆమెకు వినిపించింది. లేచి స్వామి ముందుకు వెళ్ళింది. పొట్లం తీస్తుందనుకున్నాం. చేతులు జోడించి నిలబడింది.

"ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. తెలిసినదాన్ని మళ్ళీ ఆయన్ని అడగడం ఎందుకు? కింద అద్దం పెట్టండి, కొట్లు కదా, సరుకు కనపడాల. పైన రేకు. నిప్పుకి తట్టుకునే రకం ఉన్నాది, అదెయ్యాల. పడమటి గోడ పాతది, అద్దం మొయ్యలేదు. ఇది నా మాట. రేపు ఏటైనా జరిగితే స్వామి పేరు సెప్పకండి. నా పేరు సెప్పండి."

తన పేరు చెప్పమని ఆమె అనగా వినడం నాకు అదే మొదటిసారి.

గార్డుగారి ముఖం ఎర్రబడింది. "పైనా కిందా అద్దమైతే గుడి పేరు నిలబడతాదని అందరికీ ఉన్నాదమ్మా. అయినా మా ఇష్టం మేం సెప్పలేదు. ఆయన మీద వొదిలేసినాం. నువ్వు ఆయనకే అడ్డొస్తన్నావు."

"మీకు అద్దం కావాలంటే అద్దం కావాలని సెప్పండి బాబూ. ఆయన నోటితో సెప్పించకండి."

గార్డుగారు ముందుకొచ్చి తనే ఒక పొట్లం తీసి విప్పాడు. తెల్లపువ్వు. జనం గోవింద కొట్టారు. అక్క స్వామికి సాష్టాంగపడి, లేచి, చెప్పులు వేసుకుని ఎండలో నడిచి వెళ్ళిపోయింది.

పని కలకత్తా కంట్రాక్టరుకి ఇచ్చారు. పైనా కిందా అద్దమే. ఆ అద్దం ఇవాళ్టికీ పడలేదు. అతను గోడకు ఇనప బద్దీలు వేయించాడంటారు. ఏం చేశాడో నాకు తెలియదు. మూడు గాలివానల్ని తట్టుకుని నిలబడింది. దాని వల్ల అక్కకు మరింత కష్టమైంది. అద్దం పడి ఉంటే ఆమె మాట నిజమని కొందరైనా అనేవారు. పడకూడదని ప్రతి ఏకాదశీ స్వామిని వేడుకున్నది మాత్రం ఆమే. అది నాకు తెలుసు.

ఎవరూ ఆమెను రావద్దనలేదు. తరవాతి ఏకాదశికి హారతి పళ్ళెం ఇంకొకరి చేతికి వెళ్ళింది, అంతే. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వమన్నారో కూడా తెలియదు. అక్క చాప చివరికి జరిగింది. ఆ తరవాత గుమ్మం పక్కకు జరిగింది. కొన్నాళ్ళకి భజన ముగిసి జనం వెళ్ళిపోయాక వచ్చి, ఒక్కతే దండం పెట్టుకుని వెళ్ళేది. నేను ఒకటి రెండుసార్లు ఆగాను. "నువ్వెళ్ళు సెల్లమ్మా, ఇంట్లో సూస్తారు" అనేది.

గాలివాన రాబోతోందంటే మాత్రం మందిరం కొట్ల ముందుకు వచ్చేది. ఆకాశం నల్లబడగానే ఆ అద్దాల కింద నిలబడ్డవాళ్ళని, సైకిళ్ళు ఆపుకున్నవాళ్ళని, పూలు అమ్ముకునేవాళ్ళని పక్కకి తరిమేది. "దాదా, సరొ, సరొ. అమ్మా, ఆ పక్కకెళ్ళండి." జనం నవ్వుకుంటూ జరిగేవారు. కొందరు జరిగేవారు కాదు. వాళ్ళ పక్కనే ఆమె కూడా నిలబడేది. ఎందుకక్కా అంటే, నాను కూడా ఉంటే జరుగుతారేమో అని అనేది.

ఈ ఏడు మొదటి వానలో అలాగే తడిసింది. జ్వరం వచ్చింది, ఛాతీకి పట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించాక నేను రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చుని పారాయణ చదివేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సెల్లమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నిజం సెప్పు. ఆ రోజు నాను స్వామికి అడ్డొచ్చినానా? ఆయన్ని అవమానించినానా?"

ఇన్నేళ్ళు సంఘంలో కూర్చుని విన్నదీ చదివిందీ అంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే అనిపించింది నాకు. చెప్పాను. "లేదక్కా. చేతనైనంత చేసి, మిగిలింది ఆయన పాదాల దగ్గర పెట్టడం శరణాగతి. చేయాల్సిందే ఆయన ముందు పెట్టి చేతులు దులుపుకోవడం శరణాగతి కాదు. బుద్ధి ఇచ్చింది ఆయనే. దాన్ని వాడితే ఆయనకు అవమానం ఎలా అవుతుంది? ఆ రోజు మందిరంలో నిజంగా ఆయన్ని గౌరవించింది నువ్వే."

ఆమె కళ్ళు మూసుకుని విన్నది. ముఖం కొంచెం తేటపడినట్టు అనిపించింది. తరవాత మెల్లిగా అంది.

"మరి వాళ్ళెవరూ అలాగ అన్లేదు కదే."

"నేను అంటున్నాను కదా."

"నువ్వు నా సెల్లివి. నా కోసం అంటావు."

పుస్తకం తెరిచి ఆగిన చోటు నుంచి చదివాను. రెండు రోజుల తరవాత తెల్లవారుజామున పోయింది.

మా మండలిలో ఎవరైనా పోతే తరవాత వచ్చే ఏకాదశికి ఆ మనిషి పేరు మీద ఒక సంకీర్తన పాడతాం. పాడేముందు దగ్గరివాళ్ళు ఎవరైనా ఒకటి రెండు మాటలు చెప్పాలి. గార్డుగారు నావైపు చూశాడు. లేచి నిలబడ్డాను. ఆమె మంచితనం గురించి చెబుతారనుకుని ఉంటారు. నేను ఆమె ప్రశ్న చెప్పాను. నేనిచ్చిన జవాబు చెప్పాను. చివరికి ఆమె అన్న మాట కూడా చెప్పాను, వాళ్ళెవరూ అలాగ అన్లేదు కదే అన్నది. స్వామి ఎదురుగా నిలబడి చెప్పాను కాబట్టి గొంతు తగ్గించలేదు.

ఆడవాళ్ళలో కొందరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గార్డుగారు చేతిలోని భజన తాళాలు కింద పెట్టాడు. ఆయన కూడా ముసలివాడైపోయాడని అప్పుడే గమనించాను.

"ఆ రోజు పొట్లం విప్పుతంటే తెల్లపువ్వే రావాలనుకున్నానమ్మా" అన్నాడు. "అద్దం నాకే కావాల. ఆవిడ మొకం మీదే అనేసినాది. అది నిజమని ఆ రోజే తెలుసు నాకు. ఇంటికెళ్ళి సెప్దామనుకున్నాను. ఉగాది ఎళ్ళాక అనుకున్నాను. తరవాత ఒంట్లో బాగులేదంటే, లేసి తిరగనీ, అప్పుడు సెప్దామనుకున్నాను." స్వామి వైపు తిరిగాడు. "సెప్పుంటే బాగున్ను. ఆవిడ ఉండగా సెప్పుంటే బాగున్ను."

ఆయన తాళాలు మళ్ళీ అందుకోలేదు. ఆమె పేరు మీద సంకీర్తన తాళం లేకుండానే మొదలుపెట్టాం. గొంతులు కలవడానికి చాలాసేపు పట్టింది.